పట్టూ విడుపూ

పోకర్ మీద వచ్చిన మంచి పుస్తకాలు గెలుపు గురించి కంటే విడుపు గురించే ఎక్కువ మాట్లాడతాయి. చేతిలో ముక్క ఎప్పుడు పట్టాలో, ఎప్పుడు పడేసి లేవాలో చెప్తాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నేలకు ఆ పాఠం కొత్తది కాదు. అరుగు మీది రమ్మీలో ఉంది, నలుడి కథలో ఉంది, ఎండిన బోరుబావిలోనూ ఉంది. పైసా పందెం లేకుండా చదువుకుని ఆనందించాల్సిన ఆ పుస్తకాల గురించే ఈ వారం ముఖచిత్ర కథనం.

దసరాకు జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి కాళ్లు మొక్కిన మర్నాడు, వనపర్తి దగ్గర మా అమ్మగారి ఊళ్లో అరుగు మీద సాప పడేది. పదమూడు ముక్కల రమ్మీ. పైసలుండవు, ఎండిన చింతగింజలే లెక్క. అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఆ రోజు నా చేతిలో ఒక్క వరస లేదు, జోకర్ లేదు. రాజులూ రాణులూ తలా ఒక రంగు. అయినా పడేయబుద్ధి కాలేదు. పండుగపూట కూర్చున్నది ఆడడానికే కదా అనుకున్నాను. నాలుగు చుట్లు తిరిగేసరికి చిన్నమ్మ షో చెప్పింది. నాకు ఫుల్ కౌంట్ పడింది. ఎనభై గింజలు పోయాయి.

మా మామ నా ముక్కలు తిప్పి చూశాడు.

"అల్లుడా, ఇది మొదట్లనే పడేసే పత్తా. ఇరవైతోటి పోయేదాన్ని ఎనభై దాంక ఎందుకు తెచ్చుకున్నవ్?"

"నడుమల మంచి ముక్క వస్తదేమో అనుకున్న మామా."

"వస్తదేమో అని కూసున్నోడు యాళ్లకు ఇంటికి పోడు."

మొదటి డ్రాప్ ఇరవై, నడుమ డ్రాప్ నలభై, చివరిదాకా కూర్చుంటే ఎనభై. రమ్మీ ఆడే ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన లెక్క ఇది. విడుపుకు ముందే ధర కట్టిపెట్టిన ఆట. చాలా ఏళ్ల తర్వాత డేవిడ్ స్క్లాన్‌స్కీ రాసిన 'ద థియరీ ఆఫ్ పోకర్' తెరిచినప్పుడు, అందులో పేజీల కొద్దీ ఉన్న లెక్కల వెనక నాకు మా మామ గొంతే వినిపించింది. అప్పటి నుంచి పోకర్ పుస్తకాలు వదల్లేదు. ఆ ఆటకు పైసలు పెట్టిందీ లేదు.

నాలుగింట మూడుసార్లు ఏమీ ఉండదు

మూడు ముక్కలాట తెలిసినవాళ్లకు పోకర్ అర్థం కావడానికి పది నిమిషాలు చాలు. రెండూ దగ్గరి చుట్టాలే. మన తీన్‌పత్తాకు మూలం బ్రిటిష్‌వాళ్ల 'బ్రాగ్' అనే ఆట. పోకర్ 19వ శతాబ్దం మొదట్లో అమెరికాలో మిసిసిపీ నది ఒడ్డున పెరిగింది. ఇప్పుడు ఎక్కువగా ఆడే రకం పేరు 'టెక్సస్ హోల్డెమ్'. ఒక్కొక్కరి చేతిలో రెండు ముక్కలు మూసి ఉంటాయి. అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు నడుమ తెరుచుకుంటాయి. మొదట మూడు, తర్వాత ఒకటి, చివరికి ఇంకొకటి. ఆ ఏడింటిలోంచి మేలైన ఐదు ఎంచుకోవాలి. ముక్కలు తెరుచుకునే ప్రతి మజిలీలో పందెం పెంచొచ్చు, సరిపెట్టొచ్చు, లేదా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు.

ముందు కట్టలోని లెక్క చూడాలి. యాభై రెండు ముక్కల్లోంచి మూడు తీస్తే మొత్తం 22,100 రకాలు. అందులో మూడూ ఒకే అంకె పడేవి 52 మాత్రమే, అంటే 425 సార్లకు ఒకసారి. జత పడేవి 3,744. జత గానీ రంగు గానీ వరస గానీ లేని ఉత్త ముక్కలు 16,440. అంటే నాలుగింట దాదాపు మూడుసార్లు చేతిలో ఏమీ ఉండదు. ఐదు ముక్కలకు పోతే రకాలు 25,98,960 అవుతాయి.

ఇన్నింటిలోంచి ఇన్ని ఎన్ని రకాలుగా ఏరొచ్చో చెప్పే సూత్రాన్ని 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు 'గణితసారసంగ్రహం'లో రాసిపెట్టాడు. ఆ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. పోకర్ గణితాన్ని పరాయిదిగా చూడనక్కర్లేదని చెప్పడానికే ఈ ముచ్చట.

నాలుగింట మూడుసార్లు ఏమీ ఉండదని తెలిశాక ఆట తీరే మారిపోతుంది. ముక్కలు పడేయడం ఓటమి కాదు, రోజువారీ పని. ఆడే ఆట ఏదైనా ఎక్కువసార్లు చేయాల్సింది అదే.

నేర్చుకోవడానికి నాలుగు పుస్తకాలు

స్క్లాన్‌స్కీ పుస్తకం ఇప్పుడున్న పేరుతో 1987లో వచ్చింది. ఎదుటివాడి ముక్కలు కనిపిస్తే ఎలా ఆడేవాడివో, కనిపించకపోయినా దానికి వీలైనంత దగ్గరగా ఆడడమే నైపుణ్యం అన్నది దాని సారం. అందులో నాకు బాగా పట్టుబడింది 'పాట్ ఆడ్స్'. అదేమిటో చింతగింజలతో చూద్దాం.

నడుమ కుప్పలో 300 గింజలున్నాయి. మీరు ఉండాలంటే ఇంకో 100 వేయాలి. అంటే 400లో మీ వాటా 100. కనీసం నూటికి పాతిక సార్లు గెలిచేట్టుంటేనే వేయడం దండగ కాదు. మీకు ఆఠీను రంగు నాలుగు ముక్కలు కుదిరాయి, ఐదోది కావాలి. తెరుచుకోవాల్సింది ఒక్కటే ముక్క. మీ రెండూ, నడుమ నాలుగూ పోను కనపడనివి 46. వాటిలో ఆఠీన్లు 9. తొమ్మిదిని నలభై ఆరుతో భాగిస్తే నూటికి ఇరవై కూడా రాదు. కావాల్సింది పాతిక. ఇక పడేసి లేవడమే. నాలుగు ఆఠీన్లు ఎర్రగా కళ్ల ముందు మెరుస్తుంటే మనసు ఒప్పుకోదు, కానీ లెక్క ఒప్పుకుంటుంది. ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టి గింజలతో ఈ ఒక్క లెక్క చేయించండి. సంభావ్యత అనే పాఠం బడి పుస్తకంలోంచి లేచి వచ్చి పక్కన కూర్చుంటుంది.

రెండోది డాన్ హారింగ్టన్, బిల్ రోబర్టీ కలిసి రాసిన 'హారింగ్టన్ ఆన్ హోల్డెమ్'. మొదటి సంపుటం 2004లో వచ్చింది. హారింగ్టన్ 1995లో ప్రపంచ పోకర్ పోటీల ప్రధాన టైటిల్ గెలిచిన మనిషి. ఆయన పుస్తకం పంతులు నల్లబల్ల మీద లెక్క చేసినట్టు ఉంటుంది. ఒక ఆట ముందు పెడతాడు, మీరైతే ఏం చేస్తారని అడుగుతాడు, జవాబు చెప్పాక ఎందుకో విడమరుస్తాడు. కొత్తవాళ్లకు నేను ముందు ఇచ్చే పుస్తకం ఇదే.

మూడోది డోయల్ బ్రన్సన్ 'సూపర్ సిస్టం'. 1970ల చివర్లో తానే అచ్చు వేయించుకున్నాడు. ఒక్కో రకం ఆట మీద అందులో దిట్ట అనిపించుకున్నవాడితో ఒక్కో అధ్యాయం రాయించాడు. వృత్తి రహస్యాలు బయటపెట్టావని తోటి ఆటగాళ్లు నొచ్చుకున్నారు కూడా. విద్యను గుప్పిట మూసి దాచుకోకుండా పదిమందికి పెట్టాడనే గౌరవంతో ఆ పుస్తకం చదువుతాను.

నాలుగోది వీటన్నిటికంటే పాతది. 1957లో హెర్బర్ట్ యార్డ్‌లీ రాసిన 'ద ఎడ్యుకేషన్ ఆఫ్ ఎ పోకర్ ప్లేయర్'. యార్డ్‌లీ అమెరికా ప్రభుత్వం కోసం పరదేశాల రహస్య లిపులు విప్పిన మనిషి. ఇండియానాలోని చిన్న ఊళ్లో కుర్రవాడిగా ఆట నేర్చుకున్న కథతో మొదలుపెడతాడు. ఆయన సలహా అంతా ఓపిక మీదే. మంచి ముక్క పడేదాకా పడేస్తూ ఉండు, పడ్డప్పుడు వెనకాడకు. ఊరి మనుషులు, వాళ్ల ఆశలు, వాళ్ల పతనాలు కళ్లకు కట్టినట్టు కనిపిస్తాయి. పాఠం చెప్తూ కథ నడపడం ఎలాగో ఈ పుస్తకం చూపిస్తుంది.

సంస్థానాల్లో ఏకాగ్రత

ముక్కల లెక్క వచ్చినంత మాత్రాన మనసు నిలవదు. వరసగా మూడుసార్లు ఓడినవాడు కోపంతో నాలుగోసారి అడ్డగోలుగా ఆడతాడు. పోకర్ వాళ్లు దానికి 'టిల్ట్' అని పేరు పెట్టారు. జారెడ్ టెండ్లర్ 2011లో రాసిన 'ద మెంటల్ గేమ్ ఆఫ్ పోకర్'లో పెద్ద భాగం ఆ జబ్బు గురించే. కోపం ఎన్ని రకాలో, ఒక్కోదానికి మూలం ఎక్కడుందో, అది పొంగకముందే ఎలా గుర్తుపట్టాలో విడివిడిగా చెప్తాడు.

ఆ పుస్తకం చదువుతుంటే నాకు గద్వాల కోట గుర్తొస్తుంది. పండితులను ఆదరించి విద్వద్గద్వాల అని పేరు తెచ్చుకున్న సంస్థానం అది. తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలను దర్శించినవాళ్లే. వాళ్ల కాలపు అష్టావధానంలో చదరంగం కూడా ఒక అంశం. ఒక పక్క పద్యం పాదం పాదంగా అల్లాలి. ఇంకో పక్క చదరంగంలో ఎత్తు వేయాలి. గంట ఎన్నిసార్లు మోగిందో గుర్తుంచుకోవాలి. వీటి మధ్యలో ఒకాయన అప్రస్తుత ప్రసంగం చేసి మనసు చెదరగొట్టాలని చూస్తుంటాడు. అవధాని ఆయనకు నవ్వుతూ జవాబిచ్చి, పద్యం ఎక్కడ ఆగిందో అక్కడే అందుకుంటాడు. టెండ్లర్ తన పుస్తకంలో కోరుకునేది సరిగ్గా ఆ స్థితినే. చెదరగొట్టేవాడు పోకర్‌లో ఎదుట కూర్చోడు, లోపలే ఉంటాడు. అంతే తేడా.

హాయిగా చదువుకోవడానికి

ఆట రాకపోయినా ఫరవాలేని పుస్తకాలూ ఉన్నాయి. మొదట చెప్పాల్సింది ఆల్ అల్వారెజ్ 'ద బిగ్గెస్ట్ గేమ్ ఇన్ టౌన్'. ఇంగ్లండ్ కవి, విమర్శకుడు. 1981లో లాస్ వేగస్‌లో జరిగిన ప్రపంచ పోటీలు చూసి రాశాడు. పుస్తకం 1983లో వచ్చింది. వేలకు వేలు పోగొట్టుకుని అన్నం తినడానికి మామూలుగా లేచి వెళ్లే మనుషులను ఆయన వింతగా చూడడు, వెక్కిరించడు. పక్కన కూర్చుని వింటాడు. పోకర్ గురించి ఇంత అందమైన వచనం నేను ఇంకెక్కడా చదవలేదు.

జేమ్స్ మెక్‌మానస్ 'పాజిటివ్‌లీ ఫిఫ్త్ స్ట్రీట్' ఇంకో రకం. 2000 సంవత్సరం పోటీల మీద పత్రికకు వ్యాసం రాయమని పంపితే, దాని కోసం ఇచ్చిన డబ్బుతోనే తానూ బరిలో దిగి, ప్రధాన పోటీలో ఐదో స్థానం దాకా వెళ్లాడు. చూడ్డానికి వెళ్లినవాడే ఆటగాడైన కథ. ఉత్కంఠ కోసం చదవాలి.

ఈ తరం పాఠకులకు మరియా కొనికోవా 'ద బిగ్గెస్ట్ బ్లఫ్' దగ్గరవుతుంది. మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసిన రచయిత్రి. మొదలుపెట్టినప్పుడు కట్టలో ఎన్ని ముక్కలుంటాయో కూడా ఆమెకు తెలియదు. ఎరిక్ సైడెల్ అనే మహా ఆటగాడి దగ్గర శిష్యరికం చేసి, 2018లో ఒక అంతర్జాతీయ పోటీ గెలిచింది. జీవితంలో ఎంత మన చేతిలో ఉంది, ఎంత లేదు అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికే ఆమె ఆటలోకి వచ్చింది. ఓడిపోయిన ఆటల గురించి గురువు దగ్గర ఏడుపు మొదలుపెడితే ఆయన వినడు. దురదృష్టం కథ వద్దు, నువ్వు ఎలా ఆలోచించావో అది చెప్పమంటాడు. ఆ ఒక్క ఘట్టం కోసమైనా చదవాలి.

మన దగ్గర గురజాడ 'కన్యాశుల్కం'లోని పేకాట రంగాన్ని ఈ వరసలోనే పెడతాను. మధురవాణి, పోలిశెట్టి ముక్కలు పట్టుకుని కూర్చుంటే మాటల్లోనే మనుషుల లోభం, భయం, డాంబికం బయటపడతాయి. ఎదుటివాడిని చదవడం ఎలాగో మైక్ కారో పోకర్ కోసం ఒక పుస్తకమే రాశాడు. మధురవాణికి ఆ పుస్తకం అక్కర్లేదు.

సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'నూ మరవలేం. అలంపురం ప్రాంతపు ఇటికాలపాడు ఆయన ఊరు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. రాజుల యుద్ధాలు పక్కన పెట్టి మన జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలాడారు అని కావ్యాల్లోంచి ఏరి చెప్పిన పుస్తకం. 1955లో తెలుగుకు తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికే దక్కింది. ఆటను పనిలేనివాళ్ల సంగతిగా కాక బతుకులో భాగంగా చూడడం నేను అక్కడే నేర్చుకున్నాను.

తానిచెట్టు కింద

విడుపు గురించి మనకున్న అతిపెద్ద పుస్తకం మహాభారతం. సభాపర్వంలో ధర్మరాజు సర్వం ఒడ్డి ఓడాడు. ధృతరాష్ట్రుడు పోయినదంతా తిరిగి ఇచ్చాడు. సగం దారిలో మళ్లీ పిలుపు వస్తే, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. మొదటి ఓటమి శకుని మాయ అనుకుందాం. రెండోసారి కూర్చోవడాన్ని ఏమనాలి? వనపర్తి సంస్థానపు కోడలు, విద్యారణ్య పాఠశాల స్థాపకురాలు శాంతా రామేశ్వరరావు పిల్లల కోసం ఇంగ్లీషులో మహాభారతం రాశారు. ఆమె భర్త రాజా రామేశ్వరరావు ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపినవారు. వాళ్ల పాత రాజప్రాసాదంలో ఇప్పుడు పాలిటెక్నిక్ కళాశాల ఉంది. జూదంలో రాజ్యం పోయిన కథను ఒక రాజకుటుంబపు ఇల్లాలు పిల్లలకు చెప్పడం, కోట చదువులమ్మ గుడి కావడం, ఈ రెండూ కలిపి తలచుకుంటే మనసు నిండుతుంది.

అరణ్యవాసంలో కుమిలిపోతున్న ధర్మరాజుకు బృహదశ్వ మహర్షి నలుడి కథ చెప్తాడు. నన్నయ చేతిలో అది తెలుగైంది. సోదరుడు పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్న నలుడు, బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణుడికి రథం తోలుతుంటాడు. దారిలో ఒక తానిచెట్టు కనిపిస్తుంది. ఆకులూ కాయలూ ఎన్నో ఋతుపర్ణుడు చూసీ చూడగానే చెప్తాడు. నలుడు నమ్మడు. రథం ఆపి, దిగి లెక్కపెడతాడు. సరిపోతుంది. అప్పుడు తన అశ్వహృదయానికి, అంటే గుర్రాల విద్యకు, మారుగా ఆయన దగ్గర పాచికల విద్య అయిన అక్షహృదయం నేర్చుకుంటాడు. ఆ క్షణమే అతణ్ణి పట్టి పీడిస్తున్న కలి వదిలిపోతాడు.

ఆ కాలంలో పాచికలు తానికాయలతోనే చేసేవారు. కొమ్మను చూసి చెట్టు లెక్క అంచనా కట్టే విద్యనూ, జూదపు విద్యనూ కవి ఒకే చోట పెట్టాడు. సంభావ్యత చరిత్ర రాసిన తత్వవేత్త ఇయాన్ హాకింగ్ ఈ ఘట్టాన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపాడు. మన సి.ఆర్. రావుగారి 'స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్' కూడా ఈ బాటలోదే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, ప్రపంచం మెచ్చిన గణాంకవేత్త అయి, 2023లో 102 ఏళ్లకు కన్నుమూసిన ఆయన, యాదృచ్ఛికతను శత్రువుగా కాక పనిముట్టుగా చూడమని ఆ పుస్తకంలో చెప్పారు.

నలుడు మళ్లీ ఆడి గెలిచాడు కదా అని అడుగుతారు. గెలిచాడు. గెలిచాక పుష్కరుడి ప్రాణం తీయలేదు, అతని పాలు అతనికిచ్చి ఇంటికి పంపాడు. ఆట అక్కడితో చాలించాడు. ఓడినప్పుడు లేవలేనివాడు గెలిచినప్పుడు లేవగలిగాడు. అక్షహృదయం అంటే అదేనని నా నమ్మకం.

మూడో బోరు

ఋగ్వేదం పదో మండలంలో జూదరి తన బాధ చెప్పుకునే సూక్తం ఒకటుంది. పాచికలు వదిలి పొలం దున్నుకొమ్మన్న మాట అందులోనే వస్తుంది. పాలమూరు రైతుకు మాత్రం పొలమే పాచిక.

మా చిన్నాయనకు నాగర్‌కర్నూల్ వైపు నాలుగెకరాల చెలక ఉండేది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు ఇంకా రాని రోజులు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచే మనిషి వచ్చాడు. కాయ లేచి నిలబడ్డ చోట ముగ్గు వేశారు. రాత్రి బోరుబండి వచ్చింది. తెల్లారేదాకా తెల్లటి రాతిపొడి లేస్తూనే ఉంది, తడి తగల్లేదు. రెండోదీ అంతే. మూడోదానికి చిన్నమ్మ పుస్తెలతాడు వెళ్లింది. ఇన్ని పైసలు పోసినం, ఇప్పుడు ఆపితే అవన్నీ మట్టిల కలిసినట్టే కదా అన్నాడు చిన్నాయన. మూడోదీ ఎండిపోయింది.

ఆనీ డ్యూక్ 2018లో రాసిన 'థింకింగ్ ఇన్ బెట్స్' చదివినప్పుడు ఆ రాతిపొడి కళ్లలో పడ్డట్టయింది. కుప్పలో వేసిన గింజలు ఇక నీవి కావు. వాటి కోసం ఇంకో గింజ వేయొద్దు. ఇప్పుడు వేసే గింజకు ఇక ముందు ఏమొస్తుందో అదొక్కటే చూడు. పోకర్ పుస్తకాలన్నీ ఒక్క గొంతుతో చెప్పేది ఇదే. పైగా ఎండిన రెండు బోర్లు మూడోదానికి అదృష్టం కూడబెట్టవు, ఆ నేల కింద నీళ్లు లేవన్న కబురే చెప్తాయి. డ్యూక్ ఇంకో మాట కూడా అంటుంది. ఫలితం చూసి నిర్ణయాన్ని తూచవద్దని. నీళ్లు పడితే తెలివిగలవాడు, పడకపోతే పిచ్చివాడు అనడం అన్యాయం. మొదటి బోరు వేయడం మా చిన్నాయన తప్పు కాదు. మూడో దగ్గర ఆగమని చేయి పట్టుకుని చెప్పేవాళ్లు లేకపోయారు. నాకీ పుస్తకాల మీద ఇంత ప్రేమ అందుకే.

పందెం లేకుండానే

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని నైపుణ్యం ఉన్న ఆటగా చూసింది, మూడు ముక్కలాటను ఉత్త అదృష్టమంది. కానీ 1974 నాటి గేమింగ్ చట్టానికి 2017లో తెచ్చిన సవరణతో తెలంగాణలో ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి ఆడడం నిషేధం. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం దేశమంతటా ఆన్‌లైన్ మనీ గేమ్స్‌ను నిషేధించింది. ఫోన్‌లో ఆడి భూములు అమ్ముకున్నవాళ్లు, ప్రాణాలు తీసుకున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. ఇంట్లో ఎవరైనా ఆ ఊబిలో ఉంటే తిట్టకండి. టెలి మానస్ 14416కు ఫోన్ చేయించండి. జూదపు అప్పుల్లో మునిగిన దొస్తొయెవ్‌స్కీ 1866లో 26 రోజుల్లో చెప్పి రాయించిన 'ద గ్యాంబ్లర్' నవల చదివితే, తెలివికీ ఆ వ్యసనానికీ సంబంధం లేదని తెలుస్తుంది.

పుస్తకానికి మాత్రం ఏ నిషేధమూ లేదు. చింతగింజలకూ లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆట అసలు తెలియకపోతే: కొనికోవా, తర్వాత హారింగ్టన్.
లెక్కలిష్టమైతే: స్క్లాన్‌స్కీ, ఆపై సి.ఆర్. రావు.
వచనం కోసం: అల్వారెజ్, యార్డ్‌లీ.
బతుకులో నిర్ణయాల కోసం: డ్యూక్, టెండ్లర్.
ఇంటిల్లిపాదికీ: అరణ్యపర్వంలో నలుడి కథ.

మొన్న దసరాకు అదే అరుగు మీద మళ్లీ సాప పడింది. మామకు ఇప్పుడు చూపు ఆనదు. ముక్కలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూస్తాడు. నా కూతురు ఆయన పక్కన కూర్చుంది. పదమూడు ముక్కలు సర్దుకుంది, ఒకసారి ఎడమ నుంచి కుడికి చూసుకుంది, బోర్లించి సాప మీద పెట్టింది.

"డ్రాప్, తాతా."

మామ ఇరవై గింజలు లెక్కపెట్టి తన వైపు లాక్కున్నాడు. "నీ బిడ్డకు ఆట వచ్చింది అల్లుడా," అన్నాడు.